రాగి పలక మీద నగరాలు

ఒక బొమ్మను పదిమందికీ పంచడానికి పుట్టిన విద్య, పదిమందికీ అందకుండా చూసుకోవడం వల్లనే వెలకెక్కిన వింత కథ ఒకటి కళాచరిత్రలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మొదలై, 1920లలో శిఖరానికి చేరి, 1929 తర్వాత కుప్పకూలిన ఎచింగుల సేకరణ కథ అది. లండను, న్యూయార్కు, గ్లాస్గో నగరాల్లో బ్యాంకర్లు, వైద్యులు, వర్తకులు, విశ్రాంత ఉద్యోగులు నగరదృశ్యాలున్న చిన్న చిన్న కాగితాల కోసం పోటీలు పడ్డారు. ఒక తరం తిరిగేసరికి అవే కాగితాలు పాత పుస్తకాల దుకాణాల్లో అట్టపెట్టెల పాలయ్యాయి. ఇందులో ధర సంగతి సగమే. మిగతా సగం ఆ కాగితాల మీద మిగిలిపోయిన నగరాలది. ఈ వ్యాసం ఆ రెంటినీ విడదీసి చూసే ప్రయత్నం.

ముందుగా ఒక మాట. ఎచింగు అన్న పదానికి తెలుగులో అందరూ ఒప్పుకునే సమానార్థకం నాకు దొరకలేదు. సంస్కృతం నుంచి సమాసం ఒకటి కట్టవచ్చును గాని, అది చదివి ఎవరికీ బొమ్మ కళ్ళకు కట్టదు. కాబట్టి ఎచింగు అనే రాస్తాను. మంచి మాట తోచినవారు చెబితే సంతోషం.

పని తీరు

సేకర్తల పట్టింపులన్నీ పని తీరులోంచే పుట్టాయి కనుక దాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నునుపుగా సానబట్టిన రాగి పలక మీద ఆమ్లానికి లొంగని మైనపు పూత పూస్తారు. చిత్రకారుడు సూదితో ఆ పూత మీద గీస్తాడు. గీసిన చోట పూత తొలగి రాగి బయటపడుతుంది. పలకను ఆమ్లంలో ఉంచితే, బయటపడిన రాగిని మాత్రమే ఆమ్లం తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా, నల్లగా వస్తుంది. వెంటనే తీసేస్తే వెంట్రుకవాసి సన్నగా ఉంటుంది. దూరాన కనిపించే కొండను ముందుగా ఆమ్లం నుంచి కాపాడి, దగ్గరి గోడను మరికాసేపు ఆమ్లానికి వదిలితే, ఒకే సూదితో గీసిన గీతల్లోనే దూరమూ దగ్గరా పుడతాయి. అంటే చిత్రకారుడు సూదితో ఒకసారి, కాలంతో ఒకసారి గీస్తాడన్నమాట.

తర్వాత పూత తీసేసి, పలకంతా సిరా పట్టించి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో సిరా నిలిచిపోతుంది. తడిపిన కాగితాన్ని పలక మీద పరచి, బరువైన రోలర్ల మధ్య నొక్కితే కాగితం ఆ గీతల్లోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. అందుకే అసలైన ఎచింగులో సిరా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పలక అంచు నాలుగువైపులా నొక్కుగా మిగులుతుంది. పైగా తుడిచే చేతిలో కొంత స్వేచ్ఛ ఉంది. పలక మీద సిరాను పలుచటి పొరగా వదిలేస్తే ఆకాశం సాయంత్రంగా మారుతుంది. శుభ్రంగా తుడిస్తే అదే ఆకాశం మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఒకే పలక నుంచి వచ్చిన రెండు ప్రతులు అచ్చంగా ఒకటి కావు.

దీనికి తోబుట్టువు డ్రైపాయింట్. ఇందులో ఆమ్లం ఉండదు. గట్టి సూదితో నేరుగా రాగిని గీరుతారు. నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన రాగి గరుకుగా లేచి నిలబడుతుంది. ఆ గరుకులో సిరా చిక్కుకుని, కాగితం మీద మఖమల్ లాంటి మెత్తటి నలుపు వస్తుంది. అయితే ప్రెస్సు కింద నలిగిన ప్రతిసారీ ఆ గరుకు అణిగిపోతుంది. కొన్ని పదుల ప్రతులు తీసేసరికి ఆ మెత్తదనం పోయి వట్టి గీత మిగులుతుంది. డ్రైపాయింట్‌లో తొలి ప్రతుల కోసం పడే ఆరాటానికి ఇదే కారణం. అది ఉత్త చాదస్తం కాదు. ఎచింగు సంగతి అలా కాదు. రాగి మీద ఉక్కుపూత వేసే పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం మధ్యలోనే వచ్చింది. ఆ పూత వేస్తే పలక ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులకు తట్టుకుంటుంది. అయినా ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారులు యాభై, డెబ్బై అయిదు, వంద ప్రతుల దగ్గర ఆగిపోయి, పలక మీద అడ్డదిడ్డంగా గీతలు కొట్టి దాన్ని రద్దు చేసేవారు. సహజమైన పరిమితి ఎక్కడ ముగిసింది, అంగడి పెట్టిన పరిమితి ఎక్కడ మొదలైంది అన్నది ఈ కథలో కీలకమైన ప్రశ్న.

కూలిపోతున్న పారిస్, మారిపోతున్న థేమ్స్

నగరాన్ని ఎచింగుకు ప్రధాన వస్తువుగా నిలబెట్టిన ఆద్యుల్లో ముందు చెప్పుకోవలసినవాడు షార్ల్ మెర్యాన్ (1821–1868). ఫ్రెంచి నౌకాదళంలో అధికారిగా పనిచేసినవాడు. రంగులు సరిగా గుర్తించలేని దృష్టిలోపం వల్ల వర్ణచిత్రాలు వదిలి నలుపు తెలుపుల ఎచింగుకు వచ్చాడు. 1850 నుంచి 1854 దాకా పారిస్ మీద ఒక ఎచింగుల మాల చెక్కాడు. సీన్ నది వంతెనలు, ఇరుకు సందులు, శవాగారం, నోత్రదామ్ వెనుకభాగం అందులో ఉన్నాయి. 1853లో హౌస్మన్ పారిస్ పరిపాలకుడుగా వచ్చి పాత పేటలను పడగొట్టి విశాలమైన వీధులు వేయించాడు. మెర్యాన్ గీసిన పారిస్‌లో చాలా భాగం ఆయన కళ్ళముందే మాయమైంది. కవి బోదలేర్ 1859లో ఆయనను మెచ్చుకుంటూ రాశాడు గాని ఆ మెప్పు కూడు పెట్టలేదు. మతి చలించి, షారంతోన్ పిచ్చాసుపత్రిలో 1868లో చనిపోయాడు. తర్వాతి తరం సేకర్తలు ఆయన తొలి ప్రతులకు పోసిన సొమ్ములో నూరోవంతు ఆయన బతికుండగా దక్కివుంటే కథ మరోలా ఉండేదేమో.

ఇంగ్లండులో ఈ విద్యకు గౌరవం కల్పించినవాడు శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ సేమూర్ హేడెన్ (1818–1910). తానే స్వయంగా ఎచింగులు చేసేవాడు, రెంబ్రాంట్ ఎచింగులు సేకరించేవాడు. 1870లో థేమ్స్ నది మీద ఒక పాత యుద్ధనౌకను విడగొడుతున్న దృశ్యాన్ని ఆయన చెక్కగా అది విపరీతంగా అమ్ముడుపోయింది. 1880లో చిత్రకారులైన ఎచర్ల సంఘం ఒకటి స్థాపించి, చనిపోయేదాకా దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. ఎచింగు అంటే ఇతరుల వర్ణచిత్రాలకు నకలు తీసే పనిముట్టు కాదు, స్వతంత్రమైన కళ అన్నది ఆయన వాదం.

ఆయన బావమరిది జేమ్స్ విస్లర్ (1834–1903) ఈ కథను మలుపు తిప్పాడు. 1859 ప్రాంతాల్లో లండను తూర్పున రేవుల దగ్గర కూర్చుని పాత గోదాములు, పడవలు, పడవవాళ్ళను చెక్కాడు. ఆ దృశ్యాలు 1871లో పదహారు ఎచింగుల సంపుటిగా వచ్చేసరికి నదికి కొత్త గట్టులు కట్టడంతో థేమ్స్ ఒడ్డు రూపురేఖలే మారిపోతున్నాయి. రస్కిన్ మీద వేసిన పరువునష్టం దావాలో గెలిచి కూడా ఖర్చుల భారంతో 1879లో విస్లర్ దివాలా తీశాడు. అప్పుడు లండనులోని ఫైన్ ఆర్ట్ సొసైటీ అనే వ్యాపారసంస్థ పన్నెండు ఎచింగులు చెయ్యమని ఆయనను వెనిస్ పంపింది. మూడు నెలల పనికి వెళ్ళినవాడు ఏడాదికి పైగా ఉండిపోయి, యాభై దాకా పలకలతో 1880 చివర తిరిగివచ్చాడు. ప్రసిద్ధమైన చౌకులు, గోపురాల కన్నా పెచ్చులూడిన గుమ్మాలు, నీటిమెట్లు, పెరటి కాలువలే ఆయనకు ఎక్కువ నచ్చాయి.

సేకర్తలు మరచిపోకూడని విషయం ఇక్కడొకటి ఉంది. పలక మీద గీసినది కాగితం మీద కుడియెడమలు తారుమారై వస్తుంది. విస్లర్ చూసింది చూసినట్టే పలక మీద గీశాడు గనక ఆయన వెనిస్ అద్దంలో కనిపించే వెనిస్. మెర్యాన్ అలా కాదు, పలక మీద తలకిందుల లెక్క వేసి గీసి కాగితం మీద నగరాన్ని సరిగా నిలబెట్టాడు. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఒకడికి నగరం వెలుగునీడల ఆట, మరొకడికి నగరం ఒక సాక్ష్యం. ఎచింగును పాత ఫొటోలాగా నమ్మదలచుకున్నవారు ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

అంగడికి సంబంధించిన కొత్త అలవాట్లు కూడా వీరి కాలంలోనే నాటుకున్నాయి. పెన్సిలుతో ప్రతి కాగితం మీదా సంతకం చెయ్యడం, ప్రతుల సంఖ్యను ముందే ప్రకటించడం, పలక మారిన ప్రతి దశనూ విడిగా లెక్కపెట్టడం. విస్లర్ అయితే కాగితం అంచులు పలక నొక్కుదాకా కత్తిరించి, తన సీతాకోకచిలుక సంతకానికి మాత్రం చిన్న తోక వదిలేవాడు. అంచులు వెడల్పుగా ఉండాలని వెర్రెత్తిపోయే సేకర్తల మీద అదొక వెక్కిరింత.

స్కాట్లండు త్రయం

ఇరవయ్యో శతాబ్దం మొదటి ముప్పై ఏళ్ళలో సేకర్తల నోళ్ళలో నానిన పేర్లు మూడు: డి. వై. కామెరాన్ (1865–1945), మ్యూర్‌హెడ్ బోన్ (1876–1953), జేమ్స్ మెక్‌బే (1883–1959). ముగ్గురూ స్కాట్లండువారే.

కామెరాన్ చర్చిల లోపలి చీకట్లు, కొండల మీది సంధ్యలు చెక్కాడు. 1911 నాటి 'బెన్ లెడి' అనే కొండ బొమ్మలో గీతలు కనిపించవు. చీకటి ముద్దగా కట్టిన కొండ, దాని వెనక మిగిలిన వెలుగు, అంతే. బోన్ వాస్తుశిల్పం నేర్చినవాడు. ఇళ్ళు ఎలా నిలబడతాయో తెలిసినవాడు కనుక అవి ఎలా కూలుతాయో గీయగలిగాడు. 1905 డిసెంబరు 5న లండనులో చారింగ్ క్రాస్ రైల్వేస్టేషను పైకప్పు కూలి ఆరుగురు చనిపోయారు. మిగిలిన కప్పును విప్పడానికి లోపల ఒక మహా కొయ్యచట్రం కట్టారు. మరుసటి ఏడు బోన్ దాన్నే డ్రైపాయింట్‌గా చెక్కాడు. దూలాలు, అడ్డకొయ్యలు, వాటి నడుమ చీమల్లాంటి మనుషులు. ఒక ప్రమాదం తర్వాత కొద్దినెలలు మాత్రమే నిలిచిన ఆ తాత్కాలిక కట్టడం నూరేళ్ళు దాటినా కాగితం మీద నిలిచివుంది. 1916లో బ్రిటిషు ప్రభుత్వం తొలి అధికారిక యుద్ధచిత్రకారుడుగా ఎంచుకున్నది ఈయననే.

మెక్‌బే కథ మన మధ్యతరగతికి దగ్గరగా ఉంటుంది. పదిహేనో ఏట బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. అబర్దీన్ గ్రంథాలయంలో దొరికిన ఒక ఫ్రెంచి ఎచరు పుస్తకం చదివి సొంతంగా ఎచింగు నేర్చుకున్నాడు. ప్రెస్సు కొనే తాహతు లేక, ఇంట్లో బట్టలు పిండే రోలర్ల మరతోనే తొలి ప్రతులు తీశాడు. 1910లో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి హాలండు వెళ్ళాడు, తర్వాత లండను చేరాడు. 1917లో యుద్ధచిత్రకారుడుగా ఈజిప్టు, పాలస్తీనాలు తిరిగి, అక్కడి గీతలతో చేసిన 'తెల్లవారుజామున ఒంటెల గస్తీ' ఎచింగు ఆ దశాబ్దంలో బతికివున్న చిత్రకారుల పనుల్లో అత్యధిక ధర పలికినవాటిలో ఒకటి.

1920లలో వ్యాపారం ఇలా నడిచేది. డీలరు కొత్త పలక రాబోతున్నదని చందాదారులకు తెలిపేవాడు. వంద ప్రతులకు అంతకు ఎన్నో రెట్ల మంది అర్జీ పెట్టుకునేవారు. ప్రతి దొరికినవాడు దాన్ని గోడకు కూడా తగిలించకుండానే వేలానికి పంపి కొన్న ధరకు ఎన్నో రెట్లు రాబట్టేవాడు. కొత్త కంపెనీ షేర్ల కేటాయింపు రోజులు చూసినవారికి ఇది వివరించనక్కర లేదు. దీనికి తోడ్పడే సాహిత్యం కూడా పెరిగింది. 1911లో అమెరికాలో మొదలై యుద్ధకాలంలో ఆగిన 'ప్రింట్ కలెక్టర్స్ క్వార్టర్లీ' పత్రికను 1921 నుంచి లండనులో కాంబెల్ డాడ్సన్ సంపాదకత్వంలో మళ్ళీ నడిపారు. అదే 1921లో ఫ్రిట్స్ లుహ్త్ సేకర్తల ముద్రల మీద మహాకోశం ప్రచురించాడు. కాగితం వెనక వేసిన చిన్న ముద్రను బట్టి అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో పోల్చుకోవచ్చు.

ముగ్గురు సేకర్తలు

అందరు సేకర్తలనూ జూదరులనడం అన్యాయం. ముగ్గురిని చూద్దాం.

పైన చెప్పిన డాడ్సన్ (1867–1948) బ్రిటిష్ మ్యూజియంలో ముద్రాచిత్రాల శాఖకు 1912 నుంచి 1932 దాకా అధిపతి. సమకాలికుల బొమ్మలను తన సొంత డబ్బుతో కొనేవాడు. చనిపోయాక అయిదు వేలకు పైగా ముద్రాచిత్రాలు మ్యూజియానికే చెందాయి. ఆయనకు ధర పెరిగిందా తరిగిందా అన్న ప్రశ్నే లేదు.

రెండోవాడు లెస్సింగ్ రోజెన్వాల్డ్ (1891–1979). సియర్స్ రోబక్ అనే అమెరికన్ వ్యాపారసంస్థను నడిపించిన కుటుంబంవాడు. 1920లలో కామెరాన్ చెక్కిన ఎడింబరో దృశ్యం ఒకటి కొనడంతో ఆయన సేకరణ మొదలైంది. ఒక నగరం బొమ్మతో మొదలైన ఆ మోజు ఆయనను వెనక్కి నడిపించింది; రెంబ్రాంట్ దాకా, డ్యూరర్ దాకా, పదిహేనో శతాబ్దపు కొయ్యచెక్కల దాకా. చివరికి ఇరవై రెండు వేల ముద్రాచిత్రాలు, డ్రాయింగులు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి ఇచ్చేశాడు.

మూడోవాడు ఆల్బర్ట్ విగ్గిన్ (1868–1951). న్యూయార్కులో చేజ్ నేషనల్ బ్యాంకు అధినేత. 1929 పతనంలో తన బ్యాంకు షేర్లు పడిపోతాయని పందెం కాసి, కుటుంబ సంస్థల పేరిట దాదాపు నలభై లక్షల డాలర్లు సంపాదించాడని 1933లో సెనేటు విచారణలో బయటపడి గగ్గోలు పుట్టింది. ఆ మనిషే ఎంతో శ్రద్ధగా, దశలవారీగా ముద్రాచిత్రాలు కూర్చి 1941లో బోస్టన్ ప్రజాగ్రంథాలయానికి ధారపోశాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇమిడాయో నాకు బోధపడదు. షేరు కాగితాన్ని చూసిన కంటితోనే ఆయన ఎచింగు కాగితాన్నీ చూశాడని అనుకోలేను. ఆ బహుమతి ఆయన అపకీర్తిని తుడిచేసిందని కూడా అనుకోలేను. బోస్టనులో ఈనాడు ఆ బొమ్మలు చూసే విద్యార్థికి మాత్రం ఇవేమీ అడ్డురావు.

కూలిన అంగడి

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలింది. ఎచింగులకు అప్పటికి అమెరికనులే పెద్ద కొనుగోలుదార్లు. వాళ్ళ చేతుల్లో డబ్బు ఆగిపోగానే లండను వేలాల్లో పాడేవాళ్ళు లేకుండా పోయారు. కొద్ది ఏళ్ళలోనే ధరలు నేల చూశాయి. లాభం కోసం పెట్టెల్లో దాచుకున్నవారంతా ఒకేసారి అమ్మజూపడంతో అరుదనుకున్న సరుకు అంగట్లో కుప్పపడింది. వంద ప్రతుల్లో తొంభై అమ్మకానికి వస్తే అరుదన్న మాటకు అర్థమేముంటుంది? కొరత పలకలో లేదు, కొనేవాడి నమ్మకంలో ఉంది.

దెబ్బ తిన్నది సేకర్తలకన్నా చిత్రకారులు. గ్రాహం సదర్లండ్ అప్పటికి మంచి ఎచరుగా పేరు తెచ్చుకుంటున్న యువకుడు. బజారు పోవడంతో వర్ణచిత్రాల వైపు మళ్ళి, ఆ రంగంలోనే తర్వాత గొప్పవాడయ్యాడు. అందరూ అలా మళ్ళలేకపోయారు. ఎఫ్. ఎల్. గ్రిగ్స్ (1876–1938) అనే ఆయన చిప్పింగ్ క్యాంప్డెన్ అనే పల్లెపట్నంలో ఉంటూ, మధ్యయుగపు ఇంగ్లండును ఊహించి చెక్కేవాడు. జీవితమంతా చేసినది యాభై పైచిలుకు పలకలే. సంపాదించిన డబ్బును ఊరికోసం ఖర్చుచేసిన మనిషి. 1926లో ఊరిపక్కని డోవర్స్ హిల్ అనే కొండ కట్టడాల పాలవుతుందని తెలిసి, ముందుకు వచ్చి కొన్నాడు. 1929లో అది నేషనల్ ట్రస్టు చేతికి చేరింది. తనకోసం కట్టుకున్న రాతి ఇల్లు మాత్రం, ఎచింగుల ఆదాయం ఎండిపోవడంతో అప్పుల కుప్పగా మారింది. ఆ అప్పుల్లోనే కన్నుమూశాడు. ఆయన కాపాడిన కొండ మీదికి ఈనాటికీ జనం నడకకు వెళుతున్నారు.

అమెరికాలో మార్టిన్ లూయిస్ (1881–1962) సంగతీ ఇలాంటిదే. ఆస్ట్రేలియాలో పుట్టి న్యూయార్కు చేరి ఆ నగరపు రాత్రులను చెక్కాడు. వీధిదీపం కింద సాగిన నీడలు, వానకు మెరిసే రోడ్డు, మేడ మీద ఆరేసిన బట్టల వెనక దూరంగా వెలిగే ఆకాశహర్మ్యం. ఎడ్వర్డ్ హాపర్‌కు ఎచింగు ఓనమాలు నేర్పినవాడు ఈయనే. 1930లలో అమ్మకాలు పడిపోయి నగరం విడిచి కొన్నాళ్ళు పల్లెకు పోయాడు. మరచిపోయిన మనిషిగానే చనిపోయాడు. ఆయన చనిపోయిన కొన్ని దశాబ్దాలకు అవే కాగితాలు వేలాల్లో వేలాది డాలర్లు పలుకుతున్నాయి. 1920ల మహారాజులు మెక్‌బే, కామెరాన్‌ల ధరలు మాత్రం ఆనాటి వైభవాన్ని మళ్ళీ చూడలేదు. బజారు చెప్పిన తీర్పు ఏదీ కడపటిది కాదని దీనివల్ల తెలుస్తుంది.

నిజమైన కొరత

పెట్టిన కొరతకూ వచ్చిపడిన కొరతకూ తేడా చూడాలంటే ఒక్కసారి జపాను వైపు చూడాలి. టోక్యోలో వతనబె షోజబురో అనే ప్రచురణకర్త పాత కొయ్యచెక్కల పద్ధతిలో కొత్త బొమ్మలు అచ్చువేయించేవాడు. కవాసె హసుయి (1883–1957) దేశమంతా తిరిగి, మంచు కురిసే గుళ్ళు, వానలో వంతెనలు, వెన్నెల కాలువలు గీసి ఇచ్చేవాడు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపంలో, వెంట వచ్చిన మంటల్లో వతనబె దుకాణం కాలిపోయింది. చెక్కిన దిమ్మెలూ, అమ్మని ప్రతులూ బూడిదయ్యాయి. హసుయి చిత్తు పుస్తకాలన్నీ పోయాయి. ఆ ముందటి ప్రతుల కోసం ఈనాటి సేకర్తలు ఎక్కువ ధర పెడుతున్నారంటే దానికి కారణం ఎవరో గీతలు కొట్టడం కాదు. భూకంపం తర్వాత హసుయి మళ్ళీ ప్రయాణమై ఇంకో ముప్పై ఏళ్ళు గీశాడు. ఆయన గీసిన టోక్యోలో కొంత 1923లో, మరెంతో 1945 బాంబుదాడుల్లో పోయింది.

ఆ తరంవాడే అయిన యొషిద హిరోషి 1930–31లలో మన దేశం వచ్చి తిరిగి, వెళ్ళాక కాశీ, తాజమహలు, మదుర గుడి మొదలైనవాటిని రంగుల కొయ్యచెక్కల్లో అచ్చువేశాడు.

ఇటువైపు దారి

ఎచింగు మన దేశం వైపు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి బయటినుంచి చూసే కన్ను. ఎడింబరోలో స్థిరపడిన ఇ. ఎస్. లమ్స్‌డెన్ (1883–1948) 1912 నుంచి 1927 మధ్య పలుమార్లు వచ్చి కాశీ ఘట్టాలను చెక్కాడు. తాటాకు గొడుగులు, మెట్లు, మెట్లమీద మనుషుల నీడలు, ఎండ పడిన ఖాళీ కాగితం. 1920లలో ఆయన రాసిన ఎచింగు విద్యాగ్రంథం తర్వాతి తరాలకు పాఠ్యపుస్తకమైంది. ఆయన భార్య మేబెల్ రాయిడ్స్ కూడా భారతదేశపు దృశ్యాలను కొయ్యచెక్కల్లో చేసింది.

రెండోది మన చెయ్యి. శాంతినికేతన విద్యార్థి ముకుల్ దే (1895–1989) 1916లో రవీంద్రునితో జపాను, అమెరికా వెళ్ళి షికాగోలో ఎచింగు నేర్చుకున్నాడు. షికాగో ఎచర్ల సంఘంలో సభ్యుడయ్యాడు. 1920లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆయనకు మార్గం చూపినవారిలో మ్యూర్‌హెడ్ బోన్ ఉన్నాడు. కూలిన స్టేషనును గీసిన ఆ చెయ్యే. 1928లో కలకత్తా ప్రభుత్వ కళాశాలకు తొలి భారతీయ అధిపతి అయ్యాడు ముకుల్ దే. ఇక కొయ్యచెక్కల్లోనూ ఎచింగులోనూ పేరుపొందిన రమేంద్రనాథ్ చక్రవర్తి మన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలం చిత్రలేఖనం బోధించాడు. ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ పేరుతోనే ఆ కళాశాలను తలుచుకునే మనం ఈయనను కూడా తలుచుకోవాలి. నగరదృశ్యాల ఎచింగులు కూడబెట్టే సంపన్నుల బజారు ఇక్కడ అంతగా ఏర్పడలేదు. అందువల్ల 1929 పతనం మన చిత్రకారులకు అంతగా తగల్లేదు. అంతకుముందరి వైభవమూ దక్కలేదు.

చేతికి వచ్చిన కాగితం

ఈ బొమ్మలు చూడాలనుకునేవారికి ఇది మంచి కాలమే. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో తమ దగ్గరున్న, హక్కులు ముగిసిన లక్షలాది, వేలాది చిత్రాలను ఎవరైనా తీసుకోవచ్చని జాలంలో పెట్టాయి. మెర్యాన్, విస్లర్, పెన్నెల్, వీరందరూ ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా మన తెరమీదికి వస్తారు.

అసలు కాగితం కొనదలచినవారు కొన్ని గుర్తులు చూడాలి. భూతద్దం పెట్టి చూస్తే చిన్న చిన్న చుక్కల వరసలు కనిపిస్తే అది యంత్రపు నకలు. పలక నొక్కు ఉండాలి. అయితే నొక్కును నకిలీగా కూడా వేయవచ్చు, కాబట్టి సిరా ఉబ్బెత్తు కూడా చూడాలి. పెన్సిలు సంతకం ఉన్నంత మాత్రాన మంచి ప్రతి అని కాదు. అరిగిన పలక మీద చేసిన సంతకం అరిగిన పలకను బాగుచెయ్యదు. అంచులు కత్తిరించారా, పుల్లటి అట్టకు అంటించడం వల్ల కాగితం గోధుమరంగుకు తిరిగిందా అని చూసుకోవాలి. మన కోస్తా ఉక్కలో పాత పుస్తకాలు కాపాడినవారికి తేమ, చెద, ఎండ ఏం చేస్తాయో వేరే చెప్పాలా? ఆమ్లం లేని అట్ట, ఎండ పడని గోడ, అప్పుడప్పుడు గాలి. ఇంతకు మించిన మంత్రం లేదు.

ధర సంగతి ఇంతటితో విడిచిపెట్టవచ్చు. కొరత కోసం కొన్నవారి దగ్గర 1930 తర్వాత మిగిలింది నష్టం. బొమ్మ కోసం కొన్నవారి దగ్గర మిగిలింది ఒక నగరం: హౌస్మన్ రాకముందరి పారిస్ సందు, గట్టు కట్టకముందరి థేమ్స్ రేవు, కొద్దినెలలే ఉన్న కొయ్యచట్రం, కాలిపోకముందరి టోక్యో కాలువ. ఆ నగరాలను కాపాడినది బజారు కాదు, కాగితాన్ని పారెయ్యడానికి మనసొప్పని కొందరు మనుషులు.

రద్దు చేసిన పలకలు కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటినుంచి ఎవరో తీసిన ప్రతులూ అక్కడక్కడ కనిపిస్తాయి. బొమ్మ నిండా అడ్డగీతలు ఉంటాయి. ఆ గీతల వెనక రేవు, పడవలు, కిటికీలు ఎక్కడివక్కడే ఉంటాయి. వెల కోసం కొట్టిన గీతలు వీధిని మాత్రం తుడిచెయ్యలేకపోయాయి.

మీ ఇళ్ళలో తాతల నాటి చెక్కచట్రాల్లో ఇలాంటి ముద్రాచిత్రాలేమైనా ఉంటే, వెనకవైపు ఏం రాసివుందో, ఏ ఊరో, ఎవరు తెచ్చారో తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి పక్కనే ఉంచండి. అట్ట మీద మాత్రం రాయకండి. వీలైతే ఆ వివరాలు ఇక్కడ కూడా పంచుకోండి.